కారుకు కప్పిన బొంత

మొన్న పొద్దున కిటికీ అవతల ఒక కారు మూలుగు విని లేచాను. గురగురమంటుంది, ఆగిపోతుంది. మళ్లీ గురగురమంటుంది, మళ్లీ ఆగిపోతుంది. ఎమ్మిగనూరులో ఈ ఏడు చలి కొంచెం గట్టిగానే ఉంది. పక్కింటి కుర్రవాడు ఎక్కడో పాత డీజిల్ కారు కొనుక్కొచ్చాడు. దాన్ని లేపాలని చూస్తున్నాడు గానీ దానికి లేచే ఉద్దేశం ఉన్నట్టు లేదు. నాకు ఊరికే ఉండబుద్ధి కాలేదు. శాలువా కప్పుకుని వెళ్లి అద్దం మీద తట్టాను.

"ముందర ఆ గుర్తు ఆరిపోయేదాకా ఆగినావా నాయనా?"

"యే గుర్తు పెద్దమ్మా?"

"అదో, తీగ చుట్టినట్టు పసుప్పచ్చగా కనిపిస్తాందే, అది. అది వెలుగుతాన్నంతసేపు లోపల వేడెక్కుతా ఉంటాది. ఆరినాకనే కీ తిప్పల్ల. క్లచ్చి అడుగుదాకా తొక్కిపెట్టు. ఊఁ, ఆగు. తొందరపడాకు."

అతను నన్ను ఎగాదిగా చూశాడు. "నీకు బండి నడిపేది వచ్చునా పెద్దమ్మా?"

"నడిపేది రాదు. లేపేది వచ్చు."

ఆ మాట నిజమే. స్టీరింగు పట్టుకుని గజం దూరం కూడా నేనెప్పుడూ పోలేదు. చలికాలంలో డీజిల్ కారును ఎలా బుజ్జగించాలో మాత్రం బాగా తెలుసు. చిన్నప్పుడు ఆదోనిలో మా వీధిలో ఉన్న పిల్లలందరికీ తెలుసు. మా ఇంట్లో ఒక బాడుగ కారు ఉండేది మరి.

మా వీధి గుండ్ల కొండ పక్కన ఉండేది. పై కొస నుంచి కింది కొసకు బాగా వాలు. వాన పడితే నీళ్లు మా ఇంటి ముందు ఆగకుండా బజారుకు పోయేవి. మా నాయన ప్రతి సాయంత్రం ఎమ్మిగనూరు నుంచి ఆఖరి ట్రిప్పు ముగించుకుని వచ్చి, కారును మా ఇంటి ముందు పెట్టకుండా వీధి పై కొసకు తోలుకుపోయి, అక్కడ ముక్కు కిందికి తిప్పి నిలిపేవాడు. చక్రం కింద ఒక రాయి అడ్డం పెట్టేవాడు. పొద్దున కీతో లేవకపోతే రాయి తీసేసి వాలులో దొర్లించుకోవచ్చని ఆయన లెక్క. ఆ రాయిని తన్ని చూడాలని మాకు చెయ్యి కాదు గాని, కాలు దురదపెట్టేది. తన్నితే మా నాయన వీపు విమానం మోత మోగించేవాడు కాబట్టి తన్నలేదు.

ఆ పై కొసన ఉండేది దూది ఏకే అవ్వ. పరుపులు, దిండ్లు, బొంతలు కుట్టేది. ఆమె మొగుడు బతికి ఉన్న రోజుల్లో ఇంట్లో ఒక పెద్ద విల్లు వేలాడదీసి దూది ఏకుతుంటే ఆ నారి మోత వీధంతా వినపడేదని మా అమ్మ చెప్పేది. నేను చూసేనాటికి విల్లు గోడకు ఉంది, ఆయన లేడు. కారు రోజూ ఆమె గడప ముందు నిలబడడం మొదలయ్యాక, ఆమెకు అది మా కారన్న సంగతి మెల్లగా మరపుకొచ్చింది. అది చలికి వణుకుతోందని మా నాయనతో పోట్లాటకు దిగేది.

"ఇనుముకు చలేమిటికవ్వా?" అని మా నాయన నవ్వేవాడు.

"చలి లేకుంటే పొద్దున్నే యెందుకట్ల మూలుగుతాంది? నువ్వు దుప్పటి కప్పుకొని పండుకొంటావు, దానికేం పాపం?"

ఒకరోజు జానలతో బానెట్టు కొలుచుకుంది. నాలుగు రోజులు ఎవరినీ ఇంట్లోకి రానివ్వలేదు. తర్వాత ఒక బొంత బయటికి తెచ్చింది. పైన ఎర్ర గుడ్డ, లోపల మందంగా దూది, ముందు జాలీ మీదికి వేలాడేట్టు ఒక నాలుక లాంటి ముక్క, గాలికి ఎగరకుండా అటూ ఇటూ నాడాలు. వీధంతా గుమిగూడి చూసింది. పెళ్లికూతురికి కూడా ఇంత బాగా కుట్టివ్వలేదే అవ్వా అని ఎగతాళి చేశారు. మా నాయన సిగ్గుపడుతూనే దాన్ని కారుకు కప్పాడు. మర్నాడు కారు నిజంగానే కొంచెం తక్కువ మూలిగింది. ఇక ఆ బొంత లేకుండా ఒక్క సాయంత్రం కూడా గడవలేదు.

మాకు ఆ బొంత పండగ. నాయన వచ్చి కారు ఆపగానే బానెట్టు కాలుతూ ఉండేది. అమ్మ ఇచ్చిన జొన్నరొట్టె ముక్కలు బొంత కిందికి తోసేవాళ్లం. కాసేపాగి తీస్తే రొట్టె వెచ్చబడేది, దానికి కొంచెం డీజిల్ వాసన కూడా పట్టేది. చెనిక్కాయల పొడి అద్దుకుని తింటే ఆ వాసన కూడా ఒక రుచే అనిపించేది. తడి ఆరని స్కూలు గౌన్లు కూడా అక్కడే ఆరేసేవాళ్లం. బడిలో నా పక్కన కూర్చునే పిల్ల, నీ దగ్గర ఎప్పుడూ బస్టాండు వాసన వస్తుందని ముక్కు మూసుకునేది. నాకది గొప్పగా ఉండేది. వాళ్ల ఇంట్లో కారు లేదు కదా.

పొద్దున్నే కారు లేపడం మా వీధికి ఒక పూజ లాంటిది. మంచులో నుంచి జిన్నింగు మిల్లు పత్తిగింజల వాసన వస్తుండేది. నాయన తలకు తువ్వాలు చుట్టుకుని, బొంత విప్పి, మడిచి అవ్వ చేతికిచ్చి, లోపల కూర్చునేవాడు. కీ సగం తిప్పి పట్టుకుంటే, ముందు పలకమీద చిన్న జాలీ వెనక ఒక తీగచుట్ట మెల్లమెల్లగా ఎర్రబడేది. దాన్ని మేము వత్తి అనేవాళ్లం. అది నిండుగా ఎర్రబడేదాకా ఆగాలి. ఆ కాస్తసేపు నాయన ఎవరినీ మాట్లాడనిచ్చేవాడు కాదు. మాట్లాడితే వత్తికి దిష్టి తగులుతుందన్నట్టు అందరం ఊపిరి బిగపట్టి చూసేవాళ్లం. తర్వాత కీ పూర్తిగా తిప్పేవాడు. ఒకరోజు లేచేది, ఒకరోజు లేచేది కాదు. ఎందుకు లేస్తుందో, ఎందుకు లేవదో ఆ కారుకే తెలియాలి.

లేవని రోజు మా అమ్మ పని మొదలయ్యేది. నాయనకు బలం ఎక్కువ కాబట్టి ఆయన తోయాలి. అమ్మ తేలిక కాబట్టి ఆమె లోపల కూర్చోవాలి. కొంగు నడుముకు దోపుకుని, క్లచ్చి తొక్కి, రెండో గేరు వేసి, ముందుకు చూస్తూ బిగుసుకుపోయి కూర్చునేది. రాయి తీస్తే కారు దొర్లేది. వెనక నాయన, వీధిలో మగవాళ్లు. "ఇడువూ!" అని నాయన అరవగానే అమ్మ క్లచ్చి వదిలేది. కారు ఒక్క కుదుపు కుదిపి, దగ్గి, నల్లటి పొగ కక్కి లేచేది. వెంటనే అమ్మ మళ్లీ క్లచ్చి, బ్రేకు తొక్కేది. అప్పుడు వీధంతా కేకలు. అమ్మ దిగి, ఏమీ జరగనట్టు పోయి రొట్టెలు తట్టుకునేది. వాలు అయిపోయేలోపు లేవకపోతే మాత్రం పని అయిపోయినట్టే. కింద చదునులో దాన్ని తోయడానికి మనుషులు దొరికేసరికి, టీచర్లు, గుడ్డల వ్యాపారులు బస్సెక్కి ఎమ్మిగనూరు చేరిపోయేవాళ్లు. మొదటి ట్రిప్పు పోతే నాయన ముఖం ఆ రోజంతా అదో మాదిరిగా ఉండేది.

ఎందుకంటే ఆయన వెనక మిల్లు ఉంది. పెళ్లికి ముందునుంచీ ఆయన జిన్నింగు మిల్లులో పనిచేశాడు. పత్తి దుమ్ము గొంతులో చేరి, దగ్గు పట్టుకుంది. దగ్గడం మొదలుపెడితే ముఖం నల్లబడి, గోడ పట్టుకుని నిలబడేవాడట. డాక్టరు మిల్లు మానకపోతే మనిషి దక్కడని గట్టిగా చెప్పాక, ఎమ్మిగనూరులో గుడ్డల వ్యాపారం చేసే మా పెద్దనాయన ముందుకొచ్చి కారు కొన్నాడు. పెద్ద భాగం ఆయనది, నడిపే పని నాయనది. కారెక్కాక దగ్గు తగ్గింది. కారు పోతే నాయనకు మళ్లీ మిల్లే దిక్కని మా ఇంట్లో పిల్లలతో సహా అందరికీ తెలుసు. అప్పట్లో ఆదోనిలో కార్లు తక్కువ, డ్రైవర్లు ఎక్కువ.

ఆ చలికాలం మంచు బాగా పడింది. మొదటి ట్రిప్పులు వరుసగా పోయాయి. ఒక ఆదివారం పెద్దనాయన వచ్చి, అమ్మ పెట్టిన కాఫీ కూడా చల్లారబెట్టుకుని కూర్చున్నాడు.

"చలికాలమొస్తే పండుకొనే కారు మనకేమిటికిరా? ప్యాసింజర్లంతా బస్సుకు అలవాటైనారు. కౌతాళం కాడ ఒక రైతు అడుగుతాండాడు. ఇచ్చేద్దాం."

నాయన కారు తాళాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పాడు. "నీ ఇష్టమన్నా" అన్నాడు చివరికి. లోపల అమ్మ చేతిలో రొట్టె పిండి ఆగిపోయింది. పెద్దనాయన చెడ్డవాడు కాదు. ఆయనకు పిల్లలున్నారు, ఆయన కష్టాలు ఆయనవి. ఆ రోజు మాత్రం ఆయన చెప్పులు తీసుకుపోయి ఎక్కడైనా పారేయాలన్నంత కోపం వచ్చింది నాకు.

సంగతి అవ్వకు తెలిసింది. ఆమె మొగుడు దూది దుమ్ముకే దగ్గి దగ్గి పోయాడు. మా ఇంటికొచ్చి, నాయన వీపు ఒకసారి నిమిరి వెళ్లింది.

రైతు వచ్చే రోజు రానే వచ్చింది. పాత డీజిల్ బండి కొనేవాళ్లు దాన్ని పొద్దున్నే చూస్తారు. రాత్రంతా చల్లబడిన ఇంజను తోయకుండా కీతో లేస్తుందా లేదా అన్నదే వాళ్లకు పరీక్ష. ఈ సంగతి నాయనకు తెలుసు, పెద్దనాయనకు తెలుసు. అవ్వకు తెలియదు. ఆమె బుర్రలో మరో లెక్క ఉంది. కారు లేవడం లేదని కదా అమ్ముతున్నారు, పెద్దనాయన ఎదుట అది చక్కగా లేస్తే ఆయనే మనసు మార్చుకుంటాడు. ఇలా అనుకుని ఆమె తెల్లవారకముందే లేచి, కుంపటిలో నిప్పులు వేసి, కారు కిందికి తోసి, పైన బొంత సర్ది, ఇంజనును కోడిపెట్ట గుడ్లు పొదిగినట్టు పొదిగింది.

రైతు పెద్ద మనిషి. తెల్ల పంచె, కంబళి. మాటలో సగం కన్నడం. పెద్దనాయన దారి చూపిస్తుంటే వాలు ఎక్కి వచ్చాడు. అప్పటికే అవ్వ కుంపటి లాగేసి, బొంత తీసి, ఏమీ ఎరగనట్టు గడపలో కూర్చుంది. రైతు ఇంకేమీ చూడకుండా ముందు బానెట్టు మీద అరచెయ్యి పెట్టాడు. వెంటనే తీశాడు.

"యేనప్పా ఇది? సుడుతాంది కదా! పొద్దున్నే ఒకతూరి స్టార్ట్ చేసి, ఆర్పిపెట్టి, ఇప్పుడు నాకు చూపిస్తాండారా? బేడప్పా, బేడ. మోసం బండి నాకొద్దు."

గిరుక్కున తిరిగి వాలు దిగసాగాడు. పెద్దనాయన వెనకే బతిమాలుతూ పోయాడు. నాయన బానెట్టు మీద చెయ్యి పెట్టి చూశాడు, అవ్వ వైపు చూశాడు. ఆమె కొంగు వెనక దాచిన కుంపటి నుంచి ఇంకా పొగ వస్తోంది.

అమ్మ ఆయన పక్కకు వచ్చి మెల్లగా అంది. "పోతే పోనీ. మనమేం చేసినాం? ఆయప్పే పోతాండాడు."

నేనూ అదే అనుకున్నాను. అవును, పోనీ! ఆయన పోతే కారు మాదే. మేము అబద్ధమాడలేదు, ఏమీ చేయలేదు, నోరు మూసుకుని నిలబడితే చాలు. నాయన అమ్మ ముఖం ఒకసారి చూశాడు. "అట్ల కాదులే" అని చెప్పులు కూడా వేసుకోకుండా వాలులో పరుగెత్తాడు.

రైతును చెయ్యి పట్టుకుని వెనక్కి తెచ్చాడు. "బండి స్టార్టయింటే సైలెన్సర్ కాలుతుండల్ల. పట్టుకొని చూడప్పా" అన్నాడు. రైతు నమ్మకం లేకుండానే వంగి గొట్టం పట్టుకున్నాడు. చల్లగా ఉంది. కారు కింద బూడిద ఉంది. నాయన అవ్వను పిలిచాడు. ఆమె కుంపటి ముందు పెట్టి, తప్పు చేసిన పిల్లలా నిలబడింది.

"లేస్తాండే కారును యెవురన్నా అమ్ముకుంటారా అనుకొన్నా నాయనా. వీడు మళ్లా మిల్లుకు పోతే బతకడు. నాకేం తెల్సు, మీరు సల్లగుండేది చూస్తారని!"

రైతు ముందు నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి నాయన వైపు చూశాడు. అమ్మ బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తెచ్చి పెట్టింది. ఆయన అవ్వ గడప మీదే కూర్చుని తిన్నాడు. అప్పటికి ఎండ వచ్చేసింది, ఇక కారు చల్లబడేది లేదు.

"మా చెల్లెలిల్లు ఈడనే ఉంది. ఈ పొద్దు ఆడ పండుకొని రేప్పొద్దున వస్తా. అవ్వా, ఈ పొద్దు దానికి బొంత కప్పద్దు" అన్నాడు.

ఆ సాయంత్రం కారు ఒట్టి ఒంటితో నిలబడింది. అవ్వ బొంతను ఒళ్లో పెట్టుకుని గడపలో కూర్చుంది. మేమెవరం రొట్టెలు తేలేదు. నేను మాత్రం కారు చుట్టూ తిరిగి, దాని దీపం దగ్గర వంగి, రేపు లేవద్దు అని చెప్పివచ్చాను. ఎన్ని పొద్దులు లేవమంటే లేవలేదు, ఈ ఒక్కరోజు నా మాట వినదా అనుకున్నాను.

మర్నాడు పక్కన మనిషి కనిపించనంత మంచు. ఇంతకంటే మంచి రోజు దొరకదనిపించింది. వీధి వీధంతా వచ్చింది. రైతు బానెట్టు మీద చెయ్యి పెట్టి, తడిసిన అరచెయ్యి పంచెకు తుడుచుకుని తలూపాడు. నాయన లోపల కూర్చున్నాడు. నేను పక్క కిటికీ అద్దానికి ముక్కు ఆనించి నిలబడ్డాను. నా వెనక అమ్మ.

నాయన కీ సగం తిప్పి పట్టుకున్నాడు. వత్తి ఇంకా నల్లగానే ఉంది. ఆ క్షణంలో నాకు అర్థమైంది. ఆయన ఇప్పుడే, వత్తి ఎర్రబడకముందే కీ తిప్పేస్తే కారు లేవదు. రైతు వెళ్లిపోతాడు. బయట నిలబడ్డవాళ్లకు వత్తి కనపడదు, నాకూ అమ్మకూ తప్ప. అమ్మ చెయ్యి నా భుజం మీద బిగుసుకుంది. తిప్పు నాయనా, తిప్పు, అని నేను లోపల అరుస్తున్నాను. నాయన మా వైపు చూడలేదు. రోజూ ఎలా చూస్తాడో అలాగే వత్తిని చూస్తూ కూర్చున్నాడు. అది మెల్లగా రంగు తిరిగింది. ఇంకా ఆగాడు. నిండుగా, కాకరపండు రంగుకు వచ్చింది. ఒకసారి వదిలి మళ్లీ ఎర్రబెట్టాడు. క్లచ్చి అడుగుదాకా తొక్కాడు. అప్పుడు తిప్పాడు.

కారు ఒకసారి మూలిగింది. ఇంకొకసారి మూలిగింది. లేచింది.

మా వీధిలో కారు లేస్తే ఎవరూ కేక వేయనిది ఆ ఒక్కరోజే.

రైతుకు బండి నచ్చింది. ఆయన కొడుకే వచ్చి తోలుకుపోయాడు. అవ్వ బొంత కూడా తీసుకోమంటే, మాకు షెడ్డు ఉందిలే అవ్వా అని తిరిగి ఇచ్చేశాడు. కారు మలుపు తిరిగాక నేను ఏడుస్తూ నాయన చొక్కా పట్టుకుని గుంజాను.

"యెందుకు ఆగినావు నాయనా? యెందుకు ఆగినావు?"

"ఆగకుంటే అది లేయదు పాపా" అన్నాడు.

అంతే చెప్పాడు. తర్వాత కూడా ఎప్పుడూ ఇంకోలా చెప్పలేదు. మా వీధివాళ్లు ఆయన నిజాయితీని చాలా రోజులు పొగిడారు. పెద్దనాయన కూడా పొగిడాడు. పొగిడినవాళ్లెవరూ ఆయన బదులు దగ్గలేదు కదా. నాకు ఆయనంటే ఎంత గర్వమో, ఆ పొద్దు తలచుకుంటే ఇప్పటికీ అంత కోపం. ఈ రెండూ నాలో కలిసే ఉన్నాయి. ఒకటి పోతే రెండోది కూడా పోతుందేమోనని నేనూ వాటిని కదిలించలేదు.

నాయన మళ్లీ మిల్లుకు వెళ్లే రోజు పొద్దున అవ్వ వచ్చింది. కారు బొంతను విప్పేసి, ఎర్ర గుడ్డను ఉతికి, ముక్కుకు కట్టుకునేట్టు ముక్కలుగా కత్తిరించి, అంచులు కుట్టి, నాడాలు పెట్టి తెచ్చింది. దుమ్ము కొంతయినా ఆగుతుందని ఆమె ఆశ. ఎన్ని నీళ్లలో ఉతికినా ఆ గుడ్డకు డీజిల్ వాసన పోలేదని నొచ్చుకుంది.

నాయన ఒక ముక్క తీసి ముక్కుకు కట్టుకున్నాడు. గట్టిగా ఊపిరి పీల్చాడు.

"ఉండనీలే అవ్వా. ఎమ్మిగనూరుకు పోతాన్నట్టే ఉంది" అన్నాడు.

ఆ గుడ్డలు చిరిగిపోయేదాకా అవే కట్టుకున్నాడు. దుమ్ము ఎంత ఆగిందో తెలియదు. దగ్గు తిరిగి వచ్చింది, చివరిదాకా ఆయనతోనే ఉంది. తర్వాత అవ్వ పోయింది, నాయన పోయాడు, అమ్మ పోయింది. నేను పెళ్లై ఎమ్మిగనూరే వచ్చాను. ఆయన రోజూ వచ్చిపోయిన ఊరికి.

మొన్న ఆ కుర్రవాడు నేను చెప్పినట్టే గుర్తు ఆరేదాకా ఆగి, క్లచ్చి తొక్కి కీ తిప్పాడు. కారు రెండుసార్లు మూలిగి లేచింది. వెనక నుంచి నల్లటి పొగ వచ్చి వీధంతా కమ్మింది. నేను వెళ్లి ఆ పొగలోనే నిలబడ్డాను. అతను అద్దంలో చూసి కంగారుపడి తల బయటికి పెట్టాడు.

"పొగ ఎక్కువ వస్తాంది పెద్దమ్మా, పక్కకు రా. ఇంగ నేను పోతా."

"అప్పుడే పోవద్దు నాయనా" అన్నాను. "ఇంకొంచేపు ఆన్‌లోనే ఉండనీ."

ఇంజను వేడెక్కడానికేమో అనుకుని, అతను బుద్ధిగా ఆగాడు.